మూలన కూర్చున్న బాతుకు ముందు మందు వెతకకండి, చేతుల్లోకి తీసుకోండి

ఏడాది వయసున్న ఆడబాతు, హైదరాబాద్‌లో డాబా మీద పెంపకం, రెండు రోజులుగా మూలన కూర్చుని తోక ఆడిస్తోంది, తిండి ముట్టడం లేదు, రెట్ట ఆకుపచ్చగా వేస్తోంది. ఇదీ మీరు రాసింది. దాణా కొట్టులో ఇచ్చిన కోళ్ల యాంటీబయాటిక్ పొడిని నీళ్లలో కలిపి పెట్టవచ్చా అని అడిగారు. వద్దండీ. ఏం జబ్బో తెలియకుండా అసలు వద్దు.

నేను పశువైద్యుణ్ని కాను. ఆకివీడు దగ్గర మా ఇంటి వెనక ఎనిమిదేళ్లుగా నాలుగైదు బాతులను పెంచుతున్నాను. వాటి విషయంలో చేసిన తప్పులు తక్కువేమీ కాదు. అందులో పెద్దది చెబుతాను.

మూడేళ్ల కిందట మే నెల. ఊరి చెరువు అడుగంటి, గట్టు వారన చచ్చిన చేపలు తేలాయి. మా చుక్కమ్మ రోజూ గూడు తలుపు తీయగానే మిగతావాటిని తోసుకుని ముందు వచ్చేది. ఆ రోజు అన్నిటికంటే వెనక వచ్చింది. చూశాను, పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి రెండడుగులు వేసి చతికిలబడింది. కాలు బెణికిందనుకుని పసుపు, ఆముదం రాశాను. రెక్క కింద చేయి పెడితే ఒళ్లు కాలిపోతోంది. జ్వరమే అని తేల్చేసి, ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర నూరబోతుంటే మా అత్తయ్య ఆపింది. "ఆ పక్కదాన్ని కూడా పట్టుకుని చూడు" అంది. పట్టుకుంటే అదీ అంతే వేడిగా ఉంది. బాతు ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని, మన చేతికి ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

సాయంత్రానికి దాని మెడ తడిగుడ్డలా నేలమీద పరచుకుపోయింది. కంటి మీద పలచటి పొర సగం దాకా దిగింది. కానీ ఆ పొర వెనక నుంచి నన్నే చూస్తోంది. స్పృహ అంతా ఉంది, తల ఎత్తే శక్తే లేదు.

మర్నాడు పొద్దున్నే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న "ఎక్కడ మేస్తోంది?" చెరువని చెప్పగానే ఆయనకు విషయం అర్థమైపోయింది. బొట్యులిజం. ఎండాకాలంలో గాలి తగలని కుళ్లులో ఒక బ్యాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. కుళ్లిన చేపల మీద పట్టిన పురుగుల్లో ఆ విషం చేరుతుంది. బాతులు ఆ పురుగులను ఇష్టంగా ఏరుకుని తింటాయి. దాంతో నరాల మాట కండరాలకు అందదు. ముందు కాళ్లు, తరవాత రెక్కలు, చివరికి మెడ పడిపోతాయి. అది అప్పటికే ఒంట్లో చేరిన విషం కాబట్టి నా పసుపుకూ, ఏ యాంటీబయాటిక్‌కూ విరగదు. ఆయన గొట్టం ద్వారా ద్రవాలు ఎక్కించి, చెరువు వైపు పోనివ్వవద్దని, నీళ్ల తొట్టి దగ్గర ఉంచవద్దని చెప్పి పంపారు. మెడ వాలిపోయిన బాతు నాలుగు వేళ్ల లోతు నీళ్లలోనూ ముక్కు మునిగి చచ్చిపోతుందట. తువ్వాలు చుట్టి మెడ కింద పెట్టి, గంటకోసారి పక్క మార్చాము. మూడో రోజు తల ఎత్తింది. ఐదో రోజు నడిచింది. నేను కాలికి ఆముదం రాస్తూ కూర్చున్న మధ్యాహ్నం ఇంకో బాతు చెరువులోనే ఉండిపోయింది, అది దక్కలేదు.

బాతు జబ్బును దాచుకుంటుంది. మనకు కనపడేసరికే ఆలస్యమై ఉంటుంది. మీది ఇప్పటికే రెండు రోజులు, కాబట్టి ఇది చదివిన వెంటనే లేచి చూడండి. కాళ్లు పట్టి ఎత్తకండి. కోడి కాళ్లంత గట్టివి కావు, విరుగుతాయి. రెండు చేతులతో రెక్కలను ఒంటికి ఆనించి ఎత్తండి.

తోక ఆడిస్తోందన్నారు చూడండి, నా అనుమానం ముందు అటే పోతోంది. తోక పైకీ కిందికీ కొట్టుకుంటూ, ముక్కుతున్నట్టు ఉంటే గుడ్డు అడ్డం పడి ఉండవచ్చు. చివరి గుడ్డు ఎప్పుడు పెట్టిందో గుర్తు చేసుకోండి. తోక కింద పొట్టను మెత్తగా తడిమి చూడండి. గట్టిగా గుండ్రంగా తగిలితే నొక్కవద్దు, లోపల గుడ్డు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. చంటిపిల్లకు పోసేంత గోరువెచ్చని నీళ్లలో పొట్ట మునిగేలా 20 నిమిషాలు కూర్చోబెట్టండి. తరవాత బాగా తుడిచి, వెచ్చగా, చీకటిగా ఉన్న అట్టపెట్టెలో ఉంచండి. గంటా రెండు గంటల్లో గుడ్డు రాకపోతే ఇక ఇంట్లో చేసేదేమీ లేదు, డాక్టరు కాల్షియం ఇంజెక్షన్ ఇవ్వాల్సి రావచ్చు. మీరు పెట్టేది అన్నమూ నూకలే అయితే, రోజూ గుడ్లు పెట్టే పక్షికి ఆ కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది? ఇకమీదట నత్తగుల్లల పొడి విడిగా ఒక గిన్నెలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది.

తరవాత పాదాలు తిప్పి చూడండి. సిమెంటు డాబా మీద తిరిగే బాతులకు అరికాలిలో నల్లటి పెచ్చు కట్టి, లోపల చీము గడ్డకట్టి, అడుగు వేయలేక కూర్చుండిపోతాయి. ఆ పెచ్చును మీరు పీకకండి. ఊరికే వెచ్చటి ఉప్పునీళ్లలో కాలు నానబెట్టి, నేలమీద వరిగడ్డి పరచండి.

ఆకుపచ్చ రెట్ట గురించి మరీ బెంగ పడకండి. రెండు రోజులు తిననప్పుడు పైత్యరసం ఒక్కటే దిగి రెట్ట ఆ రంగులో వస్తుంది. అది ఆకలికి గుర్తే కానీ ఫలానా జబ్బుకు గుర్తు కాదు. రక్తం కనిపిస్తే మాత్రం వేరే మాట. కళ్ల నుంచి నీరు కారుతూ, వెలుతురు చూడలేక, రెట్ట నీళ్లలా పారుతుంటే బాతు ప్లేగు కావచ్చు. దానికి మందు లేదు, టీకా ఉంది. 8 వారాలు దాటిన పిల్లలకు వేస్తారు. కోళ్లకు వేసే కొక్కెర రోగం టీకా దీనికి పనికిరాదు.

దాణా సంచిలో కూడా ఒకసారి ముక్కు పెట్టి చూడండి. బూజు వాసన వస్తే మొత్తం పారేయండి, ఎండబెట్టి వాడుదామనుకోకండి. వేరుశనగ చెక్క, మొక్కజొన్న తడిస్తే పట్టే బూజులోంచి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది. ఎండబెడితే బూజు రాలుతుంది కానీ విషం పోదు. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు, బాతుపిల్లలు గుంపులుగా చచ్చిపోతే కారణం వెతికిన వాళ్లకు దొరికింది వేరుశనగ చెక్కే. ఈ విషానికి కోడి తట్టుకున్నంత బాతు తట్టుకోదు.

ఆసుపత్రికి వెళ్లేదాకా నోట్లో నీళ్లు పోయకండి. నోరు తెరిస్తే నాలుక మొదట్లో సన్నని చీలిక ఒకటి ఊపిరితో పాటు తెరుచుకుంటూ మూసుకుంటూ కనపడుతుంది. అది శ్వాసనాళం. పోసిన నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. ముక్కు పక్కన ఒక్కొక్క చుక్క తగిలించండి, చప్పరిస్తే మింగగలుగుతోందన్నమాట. వేరుగా ఉంచండి కానీ జత బాతు కనపడేలా ఉంచండి. ఒంటరిదైతే బెదిరి ఆ కాస్త తిండీ మానేస్తుంది.

డాక్టరు దగ్గరకు వట్టి చేతులతో వెళ్లకండి. తాజా రెట్ట ఒక డబ్బాలో, దాణా గుప్పెడు, నడకను ఫోనులో తీసిన వీడియో, వంటింటి తూకం మీద చూసిన బరువు, ఇవి పట్టుకెళ్లండి. పశువుల ఆసుపత్రుల్లో రోజంతా గేదెలూ మేకలే వస్తాయి. బాతును చూసి కొందరు నవ్వుతారు కూడా, నన్ను చూసి నవ్వారు. అయినా మీరు ఎంత వివరంగా చెబితే అంత శ్రద్ధగా చూస్తారు. బండి లేకపోతే 1962కు ఫోను చేసి సంచార పశువైద్య వాహనం సంగతి అడగండి. యాంటీబయాటిక్ రాసిస్తే, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా అక్కడే అడిగి తెలుసుకోండి.

ఇంకొక్క మాట. రెండోది కూడా ఉన్నట్టుండి పడిపోయినా, చుట్టుపక్కల కాకులో కోళ్లో చస్తున్నా, బాతును ఎక్కడికీ మోసుకెళ్లకండి. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు లేకుండా ముట్టకండి, పిల్లలను దూరంగా ఉంచి పశుసంవర్ధక శాఖకు కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో మా గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు నేను నా బాతులను వారాల తరబడి వల కిందే ఉంచాను. బాతు పైకి బాగానే ఉండి కూడా ఆ వైరస్‌ను మోయగలదు.

పాదం అడుగు ఫొటో, రెట్ట ఫొటో ఇక్కడ పెట్టండి. గుడ్డు పెట్టి ఎన్ని రోజులైందో కూడా రాయండి. రాత్రి పదింటి దాకా చూస్తూ ఉంటాను. కానీ పొట్టలో గట్టిగా తగిలితే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టండి.