పాపక్షమాపణ పత్రమా, పాపపరిహార పత్రమా?

సందేహం: యూరప్ చరిత్ర గురించిన ఒక గ్రంథాన్ని తెలుగు చేస్తున్నాను. పదహారవ శతాబ్దపు జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఘట్టంలో కొందరు ‘పాపక్షమాపణ పత్రాల అమ్మకం’ అనీ, మరికొందరు ‘పాపపరిహార పత్రాల అమ్మకం’ అనీ రాస్తున్నారు. వీటిలో ఏది సరైనది? నా రాతప్రతి చదివిన క్రైస్తవ మిత్రులొకరు క్షమాపణను అమ్మడమనే మాటే పొసగదన్నారు. అలాగైతే ప్రభువు ప్రార్థనలో ‘మా ఋణములు క్షమించుము’ అంటూ అప్పుల భాష ఎందుకు వచ్చింది? ‘సైమనీ’ అనే మాటను కూడా ఈ అమ్మకానికే వాడవచ్చునా?

సమాధానం: వ్యాకరణం దృష్ట్యా రెండు సమాసాలూ నిర్దుష్టమే. తేడా అర్థంలో ఉంది. అది తేలాలంటే లాటిన్‌లో ‘ఇండుల్జెన్షియా’ అని పిలిచే ఈ పత్రాల అనుగ్రహానికి కథోలిక సంఘం ఇచ్చే నిర్వచనాన్ని ముందుగా చూడాలి. పాపానికి రెండు పర్యవసానాలు ఉంటాయని ఆ సంఘం బోధిస్తుంది. మొదటిది దోషం, పాపి పశ్చాత్తాపపడి చర్చి గురువు వద్ద పాపసంకీర్తనం చేసినప్పుడు, అంటే తన పాపాలను ఒప్పుకున్నప్పుడు, అది క్షమింపబడుతుంది. రెండవది, దోషం పోయాక కూడా మిగిలి ఉండే తాత్కాలిక శిక్ష. దానిని ఈ లోకంలో తీర్చుకోవాలి, తీరకపోతే మరణానంతరం ఉత్తరించు స్థలంలో (ఆత్మ శుద్ధి పొందే ‘పర్గెటరీ’లో) అనుభవించాలి. ఇండుల్జెన్షియా ఈ రెండవదానికి మాత్రమే సంబంధించినది. అంటే అది అప్పటికే క్షమింపబడిన పాపానికి మిగిలిన శిక్షను కొంతగానో పూర్తిగానో తొలగించేదే కాని, పాపాన్ని క్షమించేది కాదు. మీ మిత్రుల అభ్యంతరానికి మూలం ఇదే. సిద్ధాంతం ప్రకారం ఏనాడూ ఆ పత్రం ‘క్షమాపణ’ పత్రం కాదు.

‘క్షమాపణ’తో తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. క్రైస్తవుల తెలుగులో క్షమాపణ దేవుడు ఇచ్చేది, మనిషి పొందేది. తక్కిన వ్యవహారంలో అది తప్పు చేసినవాడు చెప్పుకునేది. ‘క్షమాపణ పొందాడు’ అనడం కన్న ‘క్షమాపణ చెప్పాడు’ అనడమే నేడు ఎక్కువగా వినిపిస్తుంది. అందువల్ల చరిత్ర తెలియని పాఠకుడికి ‘క్షమాపణ పత్రం’ అనగానే ఆలస్యంగా వచ్చిన ఉద్యోగి పై అధికారికి రాసిచ్చే కాగితం స్ఫురించినా ఆశ్చర్యం లేదు. ‘పరిహారం’ అనే మాటకు సంస్కృతంలో తొలగించడం, విడిచిపెట్టడం అనే అర్థాలు ఉన్నాయి. ‘నష్టపరిహారం’ వంటి ప్రయోగాల వల్ల నేటి తెలుగులో దానికి చెల్లింపు వాసన కూడా అంటుకుంది. ఇక్కడ ఆ వాసన దోషం కాదు, పైగా ఉపకారం. లేవీయకాండంలోని ‘పాపపరిహారార్థ బలి’ అనే మాట వల్ల అది క్రైస్తవ పాఠకులకు కొత్తగా కూడా తోచదు. దానిలోని లోపమల్లా తొలగేది శిక్ష అని చెప్పకుండా పాపమే తొలగుతుందన్నట్టు ధ్వనించడం. ‘పాపదండన విముక్తి పత్రం’ అంటే అర్థం కచ్చితంగా వస్తుంది కాని, పేజీకి నాలుగుసార్లు వాడదగినంత తేలిక మాట కాదు. కాబట్టి మొదటిసారి ప్రస్తావించినప్పుడు ఆ వివరణ ఇచ్చి, ఆపైన వాడుకలో నిలిచిన ‘పాపపరిహార పత్రం’తోనే కొనసాగించండి.

అయితే ‘పాపక్షమాపణ పత్రం’ అన్నవారిని పూర్తిగా తప్పుపట్టలేము. సిద్ధాంతం చెప్పింది ఒకటైతే, డబ్బిచ్చి కాగితం పుచ్చుకున్న మనిషి అనుకున్నది మరొకటి. 1454, 1455 సంవత్సరాల్లో మైంజ్ నగరంలో అచ్చయిన ఇటువంటి పత్రాలు కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి. తేదీ తెలిసిన తొలి యూరప్ అచ్చు ప్రతులలో అవి చేరుతాయి. వాటిలో మాటలన్నీ ముందే అచ్చువేసి, పుచ్చుకున్నవారి పేరుకూ తేదీకీ ఖాళీలు వదిలేవారు. సొమ్ము ముట్టాక ఆ ఖాళీలను సిరాతో నింపేవారు. తన పేరు రాసి ఉన్న కాగితాన్ని చేతబట్టుకున్న సామాన్యుడు దోషం వేరు, శిక్ష వేరు అని విడదీసి చూస్తాడని ఆశించలేము. 1517లో యోహాన్ టెట్జెల్ అనే డొమినికన్ సన్యాసి జర్మనీలో ఈ పత్రాల ప్రచారానికి తిరిగాడు. లూథర్ ఉండే విట్టెన్‌బర్గ్ ఏలికయిన ఫ్రెడరిక్ తన రాజ్యంలో ఆ అమ్మకానికి అనుమతి ఇవ్వకపోతే, అక్కడి జనం సరిహద్దు దాటి యూటర్‌బోగ్‌కు వెళ్లి పత్రాలు తెచ్చుకున్నారు. ఆ ఏడాది అక్టోబర్ 31న లూథర్ మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బర్ట్‌కు లేఖతో పాటు పంపిన 95 వాదాంశాలలో 27వది, పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఉత్తరించు స్థలం నుంచి ఎగిరిపోతుందని చెప్పేవారిది వట్టి మనుష్యబోధ అంటుంది. నిజంగా పశ్చాత్తాపపడిన క్రైస్తవుడికి ఏ పత్రమూ లేకుండానే దోషం నుంచీ శిక్ష నుంచీ పూర్తి విడుదల ఉందని 36వది చెబుతుంది. కనుక కొన్నవారి నమ్మకాన్ని చెప్పే వాక్యంలో ‘పాపక్షమాపణ దొరికిందని భావించారు’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. అదే మాటను రచయిత తన కంఠంతో, నిర్వచనంగా చెబితే పొరపాటవుతుంది.

‘అమ్మకం’ అనే మాట మీద కూడా కొంత జాగ్రత్త అవసరం. అధికారికంగా ఆ సొమ్ము ధర కాదు, రోములోని సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి ఇచ్చే కానుక. ఆల్బర్ట్ పేరిట వెలువడిన నిబంధనలు రాజులకూ బిషప్పులకూ కనీసం 25 బంగారు గిల్డర్లని, దిగువ అంతస్తులవారికి అంతకంతకు తక్కువని నిర్ణయించాయి. ఏమీ లేనివారు ప్రార్థనలూ ఉపవాసాలూ చేస్తే చాలన్నాయి. కాగితం మీద ఇది విరాళమే. అయినా హోదాను బట్టి రేటు కట్టి, ఊరూరా పెట్టెలు పెట్టి, వసూలైన దానిలో సగం ఆల్బర్ట్ తన పదవి కోసం చేసిన బాకీ కింద ఫుగ్గర్ అనే వ్యాపార కుటుంబపు బ్యాంకుకు జమ చేసిన వ్యవహారాన్ని ‘కానుకల స్వీకారం’ అనడం మాటలతో చేసే మర్యాద మాత్రమే. అమ్మకం అనే రాయండి.

ఇక అప్పుల భాష సంగతి. మత్తయి సువార్తలో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము’ అని ఉంది. కథోలికులు చెప్పుకునే జపంలోనూ ‘మా అప్పులను మీరు మన్నించండి’ అనే వస్తుంది. లూకా సువార్త మాత్రం అప్పు, పాపం రెండింటినీ పక్కపక్కనే పెట్టింది: ‘మేము మాకచ్చియున్న ప్రతివానిని క్షమించుచున్నాము గనుక మా పాపములను క్షమించుము’. ‘అచ్చియుండు’ అంటే బాకీపడి ఉండడం. వాడుకలో దాదాపు పోయిన ఈ చక్కని క్రియ తెలుగు బైబిలులో ఇంకా బతికి ఉంది. యేసు మాట్లాడిన అరమాయిక్ భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట ఉండటం ఈ భాషకు మూలం. ప్రార్థనలోని ఋణం డబ్బు కాదు. దేవునికి మనిషి పడిన బాకీ.

ఈ భాషలో గమనించవలసింది డబ్బు ఎటు నుంచి ఎటు కదులుతుందన్నది. మత్తయి 18వ అధ్యాయంలో ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. తలాంతు సుమారు 6,000 దేనారాలు, దేనారం కూలివాని ఒకరోజు జీతం. అంటే ఆరు కోట్ల రోజుల కూలి. తీర్చగలిగే అప్పు కాదని వినేవారికి వెంటనే తెలియాలనే అంత మొత్తం చెప్పినట్టుంది. రాజు దానిని విడిచిపెడతాడు. అంత అప్పు పోగొట్టుకున్నవాడే బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకుంటాడు. బైబిలులో ‘విమోచన క్రయధనము’ అన్నచోట వెల ఉన్నది నిజమే, కాని దానిని చెల్లించేది క్రీస్తు, పాపి కాదు. కొలొస్సయులకు రాసిన పత్రికలో సిలువకు మేకులతో కొట్టిన ‘పత్రము’ కూడా అప్పుపత్రమే. అది కొట్టివేయడానికి ఉన్నది, కొనుక్కోవడానికి కాదు. పేతురు మొదటి పత్రికలోనైతే వెండి బంగారముల వంటి క్షయవస్తువులచేత మీరు విమోచింపబడలేదని సూటిగానే ఉంది. టెట్జెల్ పెట్టెలో మాత్రం డబ్బు బాకీపడినవాని జేబు నుంచి వచ్చింది. అప్పుల భాష ఉన్నంత మాత్రాన అమ్మకానికి అది సమర్థన కాకపోవడానికి కారణం ఇది.

‘సైమనీ’ని ఈ పత్రాలకు వాడకూడదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో గారడీ చేసే సీమోను, తాను చేతులుంచినవారు పరిశుద్ధాత్మను పొందేలా ఆ అధికారం తనకు ఇమ్మని అపొస్తలుల ముందు ద్రవ్యం పెడతాడు. ‘నీ వెండి నీతోకూడ నశించునుగాక’ అని పేతురు అతణ్ణి గద్దిస్తాడు. అతడు అడిగింది క్షమాపణ కాదు, అధికారం. అందుకే ఆ మాట ప్రధానంగా మతపదవుల క్రయవిక్రయానికి స్థిరపడింది. మీ ఘట్టంలో అది అతికే చోటు మరొకటి ఉంది. ఆల్బర్ట్ ఫుగ్గర్ల వద్ద అప్పు చేసింది అప్పటికే తన చేతిలో ఉన్న పీఠాలకు తోడు మైంజ్ ఆర్చిబిషప్ పదవిని కూడా పొందేందుకు పోపుకు చెల్లించవలసిన రుసుముల కోసం. విమర్శకులు సైమనీ అన్నది అటువంటి చెల్లింపులనే.

ఒకవేళ మీ గ్రంథం తరవాతి శతాబ్దాలకు సాగితే ‘పత్రం’ అనే మాటను అక్కడికి మోసుకుపోకండి. కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1563లో ఈ పేరుతో సాగే దుర్లాభాలను నిషేధించింది. 1567లో ఐదవ పయస్ పోపు రుసుముతో ముడిపడిన అనుగ్రహాలన్నిటినీ రద్దుచేశాడు. ఇండుల్జెన్షియా అనేది నేటికీ ఉంది, కాని దానికి ఉన్న షరతులు పాపసంకీర్తనం, సత్ప్రసాద స్వీకారం, పోపు ఉద్దేశాల కోసం ప్రార్థన వంటివి. అక్కడ కాగితమూ లేదు, వెలా లేదు కనుక ‘పాపదండన విముక్తి’ అంటే సరిపోతుంది. 1517 నాటి వాక్యాన్ని మాత్రం ఇలా సవరించుకోవచ్చు: ‘పాపాలకు మిగిలిన దండన నుంచి విముక్తినిస్తాయని చెప్పే పాపపరిహార పత్రాలను టెట్జెల్ అమ్మగా, కొన్నవారిలో చాలామంది వాటిని పాపక్షమాపణగానే భావించారు, లూథర్ ఆ అమ్మకాన్నీ ఆ భావననూ కూడా ఖండించాడు.’