పదో తరగతి తర్వాత పశువుల నర్సు కావాలంటే?

మీ అమ్మాయి పదో తరగతి అని, కుక్కపిల్లలంటే ప్రాణమని, విదేశాల్లో ‘వెటర్నరీ నర్స్’ అనే ఉద్యోగం ఉందని ఫోనులో చూసి అదే చదువుతానంటోందని రాశారు. హనుమకొండ చుట్టుపక్కల ఆ చదువు ఉందా అని అడిగారు. ఆ పేరుతో లేదు. ఆ పని మాత్రం ఉంది, పధ్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే.

మన దగ్గర దానికి దారి పశుసంవర్ధక డిప్లొమా. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయాలి. కోర్సు రెండేళ్లు. మామునూరులో, కరీంనగర్‌లో ఈ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. నేను కరీంనగర్‌లో చదివినప్పుడు అది తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉండేది. రాష్ట్రం వచ్చాక రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. సీట్లు, అర్హతలు ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే, నా కాలం లెక్కలు మీకు పనికిరావు. మామునూరులోనే పశువైద్య కళాశాల కూడా ఉంది కాబట్టి రెండింటినీ కలిపి చూడకండి. డాక్టరు కావాలంటే ఇంటర్ బైపీసీ, ఆపైన ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల డిగ్రీ. అమ్మాయికి చదువు మీద పట్టు ఉంటే ముందు ఆ దారే చూడమంటాను.

డిప్లొమాతో ఏం చేయవచ్చో, ఏం చేయకూడదో ముందే తెలియాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం మేము చేయదగినవి చిన్నపాటి వైద్య సేవలు మాత్రమే, అదీ రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో. ఊళ్లో మాత్రం బ్యాగు పట్టుకుని దిగిన ప్రతివారూ డాక్టరే. ఆ పిలుపు విని విని తామూ డాక్టర్లమే అనుకున్నవాళ్లను చూశాను. కోతలు, కుట్లు తమ చేతిలోకి తీసుకుని ఊరి ముందు తలదించుకున్నారు.

అసలు పని ఎలా ఉంటుందో ఒక రాత్రి చెబుతాను. పరకాల వైపు ఒక పల్లె, ఈని రెండు రోజులైన బర్రె. మెడ పక్కకు తిప్పి పొట్టకు ఆనించుకుని పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి. థర్మామీటరు పెడితే 98 కూడా దాటలేదు. పాలజ్వరం అంటారు కానీ అందులో జ్వరం ఉండదు, పాలలోకి కాల్షియం పోయి ఒళ్లు చల్లబడుతుంది. డాక్టరు గారు మెడ నరంలో సూది పెట్టి, కాల్షియం సీసా నా చేతికిచ్చి, గుండె మీద స్టెతస్కోపు ఆనించి కూర్చున్నారు. ఇక నా పనల్లా సీసాను ఎంత ఎత్తులో పట్టుకోవాలన్నదే. ఎత్తితే మందు వేగంగా దిగుతుంది, వేగంగా దిగితే గుండె ఆగిపోవచ్చు. ఆయన చెయ్యి ఆడిస్తే దించాలి, తల ఊపితే కొంచెం ఎత్తాలి. మధ్యలో ఒకసారి గుండె తడబడింది, ట్యూబు మడిచి పట్టుకున్నాను. “నువ్వు పట్టగలవా బిడ్డా” అని మొదట సందేహపడిన పెద్దాయన లాంతరు పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. సీసా అయిపోయేసరికి బర్రె కండరాలు వణకడం మొదలైంది. ముట్టె మీద చెమట బొట్లు మెరిశాయి. పేడ వేసింది, కాసేపటికి లేచింది. నర్సు పని అంటే నా లెక్కలో అదీ.

కుక్కలు మాకు వచ్చేవాటిలో కొద్ది భాగమే. మిగతాదంతా బర్రెలు, ఆవులు, గొర్రెలు. గాలికుంటు టీకాలు, గొర్రెలకు నట్టల మందు, కృత్రిమ గర్భధారణ, రికార్డులు. కుక్కలే కావాలంటే హనుమకొండలో, హైదరాబాద్‌లో ప్రైవేటు క్లినిక్‌లు ఉన్నాయి. నేను మొదట రెండేళ్లు అలాంటి ఒక క్లినిక్‌లోనే చేశాను. కుక్కకు సెలైన్ పెట్టడం, ఆపరేషన్ తర్వాత మెలకువ వచ్చేదాకా దగ్గర కూర్చోవడం, కరవకుండా మూతికి గుడ్డ కట్టడం అక్కడే నేర్చుకున్నాను. జీతం మాత్రం బస్సు పాసుకూ హాస్టలుకూ సరిపోయింది. నా డిప్లొమాకూ, చూసి నేర్చుకున్న కుర్రాడి అనుభవానికీ అక్కడ తేడా ఏమీ లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రభుత్వ ఉద్యోగం నోటిఫికేషన్ మీద ఆధారపడింది. నేను ఆరేళ్లు ఎదురుచూశాను. ఈలోగా పాల డెయిరీలు, పశువుల మందుల కంపెనీలు ఉన్నాయి. 2017లో మొదలైన, 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాల్లోనూ డాక్టరుతో పాటు మా చదువు చదివినవాళ్లు ఉంటారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కొత్తలో ఒక ఆవు చొంగ కారుస్తూ మేత మింగలేక అవస్థ పడుతుంటే, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని గ్లవుజు లేకుండా చెయ్యి పెట్టాను. అది పిచ్చికుక్క కరిచిన ఆవని మర్నాడు తెలిసింది. అయిదు సూదులు వేయించుకున్నాను, ఆ నెలంతా మా అమ్మ సరిగ్గా నిద్రపోలేదు. మీ అమ్మాయి ఈ పనిలోకి వస్తే ముందస్తు రేబిస్ టీకా మొదటి వారంలోనే వేయించండి.

విదేశాల సంగతి వేరు. బ్రిటన్‌లో వెటర్నరీ నర్సులకు ప్రత్యేక చదువు, రిజిస్టరు ఉన్నాయి. అమెరికాలో వాళ్లను వెటర్నరీ టెక్నీషియన్లంటారు, గుర్తింపు ఉన్న కోర్సు చదివి పరీక్ష రాయాలి. మన డిప్లొమా చూపించి నేరుగా అక్కడ చేరవచ్చని ఏజెంటు ఎవరైనా చెబితే డబ్బు కట్టకండి.

పాలిసెట్ దరఖాస్తు నింపే ముందు ఒక ఉదయం అమ్మాయిని మీ మండలంలోని పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఎనిమిదిన్నరకల్లా వెళ్తే రద్దీ చూడవచ్చు. పాత చెప్పులు వేసుకుని రమ్మనండి.