‘అబ్బే, అలుపేంటండీ’ అనేవాళ్ల అలసటని ఎలా కొలవాలి

ప్రశ్న అడిగినవాళ్లు భీమవరం దగ్గర ఒక రొయ్యల షెడ్డులో తలలు తీసే, తోలు ఒలిచే ఆడవాళ్ల మీద ప్రాజెక్టు చేస్తున్నారట. మానసిక అలసట, పని భారం, శరీర కొలతలు మూడూ కావాలట. పని భారం కొలిచే నాసా టీఎల్‌ఎక్స్ ఫారం ఒక్కటే చాలా, మెదడు తరంగాలు తీసే ఈఈజీ లేకపోతే పేపర్ నిలబడదా, కొలతలకి టైలర్ టేపు సరిపోతుందా, ఎంతమందిని కొలవాలి అని అడిగారు. నేను చాలా ఏళ్ల కిందట ఇదే డెల్టాలో ఇలాంటి పనే చేశాను, మొదట చెరువు కాపలావాళ్లతో, తర్వాత షెడ్డులో. సగం తప్పులే చేశాను కాబట్టి అవే చెప్తాను, మీకు అవే ఎక్కువ పనికొస్తాయి.

ముందు ఒకటి తేల్చుకోండి. పని భారం వేరు, అలసట వేరు. మీ ప్రశ్నలో రెండూ ఒకే గంపలో ఉన్నాయి. పని మనిషిని ఎంత అడుగుతోంది అన్నది భారం, చేశాక మనిషిలో ఎంత మిగిలింది అన్నది అలసట. రాత్రి చెరువు గట్టు మీద కాపలా ఉండే మనిషికి టీఎల్‌ఎక్స్ ఇస్తే దాదాపు అన్నీ తక్కువే వస్తాయి, నాకూ అలాగే వచ్చాయి. ఆయన పనల్లా మంచం మీద కూర్చుని నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చెవితో వినడం, కరెంటు పోతే లేచి జనరేటర్ వేయడం. భారమే లేదు. కానీ తెల్లవారుజామున మూడున్నర, నాలుగింటికి వెళ్లి చూడండి ఆ మనిషి మొహం. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది కాబట్టి నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా సూర్యోదయానికి ముందు, మనిషి ఒంట్లో గడియారం బాగా కిందికి దిగేదీ ఇంచుమించు అప్పుడే. రొయ్య తేలేదీ కాపలా మనిషి తూగేదీ ఒకే టైములో! ఇందులో కొత్తేమీ లేదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్ ఆపరేటర్ల సమస్యే ఇది. నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం ముల్లు లాంటిది పెట్టి, అది ఎప్పుడో ఒకసారి రెండంగల గెంతు వేస్తే చెప్పమని మనుషుల్ని రెండు గంటలు కూర్చోబెట్టాడు. మొదటి అరగంటలోనే పట్టుకోవడం తగ్గిపోయింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. పని తేలికైతే అలుపు ఉండదు అనుకునే గైడ్‌కి ఈ ఒక్కటి చూపిస్తే చాలు.

అందుకని కాపలావాళ్లకి నేను కరోలిన్‌స్కా నిద్రమత్తు స్కేలు వాడాను. 1990లో వచ్చింది, 1 నుంచి 9 దాకా, గత అయిదు నిమిషాల్లో ఎలా ఉన్నారు అని ఒకటే ప్రశ్న. 9 అంటే నిద్రతో కుస్తీ పడుతున్నట్టు. షెడ్డు వాళ్లకైతే షిఫ్టుకి ముందొకసారి, భోజనానికి ముందొకసారి, చివర్లో ఒకసారి అడగండి, సాయంత్రం ఒక్కసారే అడిగి వచ్చేస్తే ఆ నంబరుకి అర్థం లేదు, పొద్దున్న ఎలా ఉన్నారో తెలియాలి కదా.

ఇక అసలు చిక్కు. మన గోదావరి వాళ్ల మర్యాద. ‘అలిసిపోయారా అండీ’ అంటే ‘అబ్బే, అలుపేంటండీ, మాకు అలవాటే కదండీ, ముందు మీరు కూర్చోండి’ అంటారు. సూపర్‌వైజర్ అవతల నిలబడి ఉన్నాడంటే ఇక చెప్పక్కర్లేదు, ఆ షెడ్డులో ఎవరికీ ఎప్పుడూ అలుపు రాదు. నా మొదటి వారం ఫారాలన్నీ అలాంటివే, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, చించేశాను.

టీఎల్‌ఎక్స్ మంచిదే. శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌ల్యాండ్ 1988లో ప్రచురించారు, నాసా ఏమ్స్ కేంద్రంలో తయారైంది. మెదడు శ్రమ, ఒళ్లు శ్రమ, తొందర, పని ఎంత బాగా అయింది, ఎంత కష్టపడ్డారు, చిరాకు అని ఆరు గీతలు, ఒక్కో గీతకి 20 గళ్లు, గడికి 5 చొప్పున 0 నుంచి 100. తర్వాత ఆరింటినీ జంటలుగా పెట్టి 15 సార్లు ఏది ముఖ్యమో అడిగే భాగం ఒకటుంది, దాన్ని వదిలేసి ఆరు మార్కుల సగటు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరూ వదిలేయండి, ఆ 15 ప్రశ్నల దగ్గరే జనం విసుగెత్తిపోతారు.

కానీ దాన్ని తెలుగులో పెట్టేటప్పుడు మూడు చోట్ల కాలు జారుతుంది. నేను ‘మానసిక శ్రమ’ అని రాసుకెళ్లాను. ఒకావిడ చివరి దాకా గీత పెట్టి, కూతురి పెళ్లికి చేసిన అప్పు గురించి పావుగంట చెప్పింది. ఆవిడ తప్పు కాదు, మనసు అన్నాక మనసే గుర్తొస్తుంది. తర్వాత ‘ఈ పనిలో ఎంత చూసుకోవాలి, ఎంత లెక్క పెట్టుకోవాలి, ఎంత గుర్తుంచుకోవాలి’ అని మార్చాను, అప్పుడు కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలో చూసి వేరుచేసేవాళ్లకీ ఊరికే తలలు తీసేవాళ్లకీ తేడా కనిపించింది. రెండోది ‘పని ఎంత బాగా అయింది’ అన్న గీత. మిగతా అయిదింటిలో కుడివైపు వెళ్తే ఎక్కువ, ఇందులో ఎడమ కొస బాగా అయినట్టు, కుడి కొస చెడినట్టు. ఇంగ్లిష్ చదివినవాళ్లే ఇక్కడ తడబడతారు. మావాళ్లు సగం మంది బాగా చేశాం కాబట్టి కుడి కొస పెట్టారు, సగం మంది నేను చెప్పింది విని ఎడమ పెట్టారు, ఎవరు ఏది అనుకుని పెట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు, ఆ వరస మొత్తం తీసేయాల్సి వచ్చింది. దాన్ని నోటితో అడగండి, ‘బాగానే అయిందా, చెడిందా’ అని, మీరే తిప్పి రాసుకోండి.

మూడోది ఆ గీతలే. కాగితం మీద గీత చూపించి ఎక్కడుందో పెట్టమంటే అక్షరాలు రాని పెద్దావిడకి అది పరీక్షలా ఉంటుంది. నాకు పనికొచ్చింది చింతపిక్కలు. 20 పిక్కలు చేతికిచ్చి, స్టీలు గ్లాసు ముందు పెట్టి, ‘ఒళ్లు ఎంత కష్టపడిందో అన్ని వేయండి, అస్సలు లేదంటే ఒక్కటీ వద్దు’ అన్నాను. 20 గళ్లకి 20 పిక్కలు, లెక్క సరిపోయింది. ఒకావిడ ఒళ్లు శ్రమకి ఒక్కసారిగా ఇరవై పోసేసింది. చిరాకు దగ్గరకొచ్చేసరికి గుమ్మం వైపు చూసింది, సూపర్‌వైజర్ ఉన్నాడు, ఒక్క పిక్క కూడా వేయకుండా చెయ్యి చాపి గ్లాసు నాకిచ్చేసింది. అతను ఫోన్ వచ్చి బయటికెళ్లాడు. ‘ఇలా ఇవ్వండోపాలి’ అని గ్లాసు తీసుకుని పద్నాలుగు వేసింది. సున్నాకీ పద్నాలుగుకీ మధ్య మారింది పని కాదు, గుమ్మం. ఆ తర్వాత నేను షెడ్డులో ఎవరినీ అడగలేదు, బయట ఆటో ఎక్కే చోట, టీ కొట్టు పక్కన అడిగాను. పిక్కలు వాడితే పేపర్లో ఆ ముక్క రాయండి, ఫారం మార్చి వాడాం అని, దాచకండి.

మాటల మీద పూర్తి నమ్మకం లేదు కాబట్టి పక్కన ఒక పరీక్ష ఉండాలి. పీవీటీ అంటారు, సైకోమోటార్ విజిలెన్స్ టెస్ట్, 1985లో డింజెస్, పావెల్ పరిచయం చేసింది. తెర మీద అంకెలు కనిపించగానే బటన్ నొక్కాలి, అంతే. పది నిమిషాలు, 2 నుంచి 10 సెకన్ల ఎడంతో ఎప్పుడొస్తుందో తెలియకుండా వస్తుంది, 500 మిల్లీసెకన్లు దాటితే తప్పిపోయినట్టు లెక్క. కిలోకింత అని డబ్బులొచ్చే పనిలో పది నిమిషాలు ఆపడం అంటే వాళ్ల కూలి కోయడమే, కాబట్టి మూడు నిమిషాల రకం వాడండి, అందులో హద్దు 355 మిల్లీసెకన్లు. ఆ మూడు నిమిషాలకీ డబ్బులివ్వండి. మా గైడ్ అక్కర్లేదన్నారు, నేను నా జేబులోంచి ఇచ్చాను, రెండో రోజు నుంచి వాళ్లే పిలిచారు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం వినండి. ఫోన్‌లో యాప్ వేసుకుని వెళ్లాను. రొయ్యలు ఐసులో ఉంటాయి, గంటల తరబడి ఆ చల్లటి నీళ్లలో చేతులు, వేళ్ల కొసలు తెల్లబడి ముడతలు పడిపోయి ఉంటాయి, ఆ తడి వేలు తగిలిస్తే తెర ఒకసారి తీసుకుంటుంది, ఒకసారి తీసుకోదు. ‘మేడంగారూ, మీ ఫోను నిద్రపోతోందండీ’ అని నవ్వారు. నాకొచ్చిన ఆలస్యంలో మెదడు అలసట ఎంతో, మొద్దుబారిన వేలు ఎంతో, ఫోన్ ఎంతో విడదీయడం కుదరలేదు. తర్వాత ల్యాప్‌టాప్‌కి తీగతో పెద్ద బటన్ ఒకటి కట్టించి, గోరువెచ్చటి నీళ్లలో చేతులు కడిగి తుడుచుకున్నాకే కూర్చోబెట్టాను. అలా కడుక్కునే కాసేపు కూడా వాళ్లకి విశ్రాంతే, కొంత అలుపు అక్కడే పోతుంది, దానికేమీ చేయలేం, కాకపోతే అందరికీ ఒకే టైము ఇవ్వండి, పొద్దున్న పరీక్షకి ముందు కూడా అలాగే కడిగించండి.

ఈఈజీ అక్కర్లేదు. ఉక్కపోతలో తలకి క్యాప్ పెట్టి, చేతులు ఆడిస్తున్న మనిషి నుంచి మీరు తీసేది ఎక్కువగా కండరాల చప్పుడే. గుండె లయ బెల్టు కూడా ఇక్కడ నాకు పెద్దగా నచ్చదు, ఒంటి కష్టం, ఉక్క, టీ, అన్నీ అందులో కలిసిపోతాయి.

శరీర కొలతలకి టైలర్ టేపు సాగుతుంది, పైగా ఒంటి వంపుల వెంట పోతుంది. ఎత్తులకి నిలువు కడ్డీ, దాని మీద జరిగే అడ్డపట్టీ ఉన్న ఆంత్రోపోమీటర్ కావాలి, ఏ హోమ్‌సైన్స్ కాలేజీలోనో అగ్రికల్చర్ ఇంజినీరింగ్ కాలేజీలోనో అడిగితే దొరుకుతుంది. తల నిటారుగా, చెవి రంధ్రం పై అంచూ కంటి గుంట కింది అంచూ ఒకే అడ్డగీత మీద ఉండాలి. పొద్దున్నకీ సాయంత్రానికీ మనిషి ఎత్తు ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా తగ్గుతుంది, అందుకని అందరినీ ఒకే వేళలో కొలవండి. కొప్పు, కొప్పులో పూలు, చీర కుచ్చిళ్లు, మట్టిగాజులు అన్నీ కొలతలోకి దూరతాయి. మీరు అబ్బాయి అయితే కొలిచేది మీరు కాదు, ఒక అమ్మాయిని వెంట తీసుకెళ్లండి, మీరు రాసుకోండి. ఒక్కొక్కరినీ రెండుసార్లు కొలిచి, తేడాల వర్గాలు కూడి, మనుషుల సంఖ్యకి రెట్టింపుతో భాగించి వర్గమూలం తీస్తే మీ చెయ్యి ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది, అది పేపర్లో వేయండి, అడిగేవాళ్లు అడుగుతారు.

అన్నీ మీరే కొలవక్కర్లేదు కూడా. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ 2009లో మన దేశపు వ్యవసాయ పనివాళ్ల 79 కొలతలతో పుస్తకం వేసింది, మగవాళ్లవీ ఆడవాళ్లవీ ఉన్నాయి. ఒలిచే బల్ల ఎంత ఎత్తుండాలో తేల్చడానికి మీకు కావలసింది మోచేతి ఎత్తు, చేతి అందుబాటు, ఇంకో రెండు మూడు. ఎంతమంది అంటే, ఎత్తు లాంటి కొలతలో మనిషికీ మనిషికీ తేడా (ప్రామాణిక విచలనం) సగటులో 4 శాతం దాకా ఉంటుంది, మీకు చివరి అంచులు అంటే 5వ, 95వ పర్సెంటైళ్లు (నూటికి అయిదుగురు అంతకన్నా పొట్టిగా ఉండే కొలత, నూటికి అయిదుగురు అంతకన్నా పొడుగ్గా ఉండే కొలత) 1 శాతం కచ్చితత్వంతో కావాలంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ సూత్రం ప్రకారం సుమారు 145 మంది. ఆ షెడ్డుకి మాత్రమే బల్ల చేయిస్తుంటే అక్కడున్నవాళ్లందరినీ కొలిచేయండి, గొడవ లేదు.

సగటు మాత్రం వాడకండి. అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డానియల్స్ 4,063 మందిని పది కొలతల్లో చూస్తే, పదింటిలోనూ మధ్యస్థంగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు, 1952లో రాశాడు. అది చదివి కూడా నేను మోచేతి ఎత్తు సగటు తీసి, ఒలిచే పని కాబట్టి దానికి పది సెంటీమీటర్లు తగ్గించి యజమానికి ఇచ్చాను. ఆయన నిజంగానే స్టీలు బల్లలు కొత్తవి చేయించేశారు, నాకేమో గర్వం. వారానికి పొడుగువాళ్లు నడుము పట్టుకుంటున్నారు, పొట్టివాళ్లు భుజాలు ఎగరేసి ఒలుస్తున్నారు. దానికి తోడు నేను అందరినీ చెప్పుల్లేకుండా కొలిచాను, వాళ్లు పనిచేసేది గమ్ బూట్లలో. మడమ కింద మూడు సెంటీమీటర్ల రబ్బరు! పొడుగువాళ్లకి బల్ల ఇంకా కిందికి దిగినట్టయింది.

చేయాల్సింది ఏంటంటే బల్ల పొడుగువాళ్లకి సరిపోయేలా పెట్టి, మిగతావాళ్ల కాళ్ల కింద మెట్టు వేయాలి. చెక్క పీట లోపలికి రానివ్వరు, నానుతుంది, శుభ్రం కాదు, ప్లాస్టిక్‌దే కావాలి. ఇది నాకు మూడు నెలల తర్వాత వెలిగింది. కానీ నేను మొదటి రోజు షెడ్డులోకి వెళ్లినప్పుడే, మూల బల్ల దగ్గర ఒక పొట్టి ఆవిడ రొయ్యల క్రేటు తిరగేసుకుని దాని మీద నిలబడి ఒలుస్తోంది. చూశాను, నవ్వాను, కొలతల కోసం ఆవిణ్ని దాని మీంచి దింపి మరీ నిలబెట్టాను. మీ షెడ్డులో అలా ఎవరైనా ఉంటే మనిషితోపాటు ఆ క్రేటు ఎత్తు కూడా రాసుకోండి.