మేడమ్ కేలండరు నీ చేతికొచ్చే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి, పిన్ని ఆశీస్సులు.

సోమవారం నుంచి ఇద్దరు డైరెక్టర్ల కేలండర్లు నువ్వే చూడాలన్నావు. మేడమ్‌ది గూగుల్, విలీనమైన కంపెనీ నుంచి వచ్చిన సారుది ఇంకా అవుట్‌లుక్ కదా. ముందుగా ఒకటి: "నా పాస్‌వర్డ్ ఇదిగో" అని ఎవరిచ్చినా తీసుకోకు. ఆ ఒక్క లాగిన్‌తో మెయిలు, డ్రైవ్ అన్నీ తెరుచుకుంటాయి. పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో అంచె కోడు మేడమ్ ఫోనుకే పోతుంది. ఆవిడ దేవనహళ్ళిలో విమానం ఎక్కాకే నీకు దానితో పని పడుతుంది. వాళ్ళ కేలండరు నీ లాగిన్‌లోనే కనిపించేలా షేరింగ్ అడుగు, చాలు.

మేడమ్ పక్కన కూర్చుని కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయించు. ఎడమ వైపు 'మై కేలండర్స్' కింద ఆవిడ పేరు మీద మౌస్ పెడితే మూడు చుక్కలు వస్తాయి. అందులో 'సెట్టింగ్స్ అండ్ షేరింగ్', కిందికి వెళ్ళి 'యాడ్ పీపుల్ అండ్ గ్రూప్స్', అక్కడ నీ ఆఫీసు మెయిల్ ఐడీ. తర్వాత నాలుగు స్థాయిలు కనిపిస్తాయి: ఖాళీయా కాదా అన్నది మాత్రమే, వివరాలన్నీ చూడడం, ఈవెంట్లు మార్చడం, మార్చడంతో పాటు షేరింగ్ కూడా నడపడం. నీకు మూడోది కావాలి. నాలుగోది ఇస్తానన్నా వద్దను. అది ఉంటే ఆ కేలండరును ఇంకెవరికైనా చూపే అధికారం నీకొస్తుంది, ఆ నిర్ణయం ఆవిడది. నీకొచ్చిన మెయిల్లోని లింకు నొక్కితేనే అది నీ జాబితాలో చేరుతుంది.

ఇక్కడ మేడమ్‌కు నువ్వే చెప్పాల్సిన సంగతొకటి ఉంది. మూడో స్థాయి ఉన్నవాళ్ళకు 'ప్రైవేట్' అని పెట్టిన ఈవెంట్లు కూడా కనిపిస్తాయి. డాక్టరు అపాయింట్‌మెంటు నీకు కనబడకూడదనుకుంటే, ఆవిడ వేరే కేలండరు తెరిచి అందులో రాసుకోవాలి. కాకపోతే ఆ రెండో కేలండరులోని సమయం మిగతావాళ్ళకు ఖాళీగానే కనిపిస్తుంది. అందుకని అసలు కేలండరులో అదే గంటకు 'బిజీ' అని ఉత్త బ్లాకు ఒకటి వేయమను. మొహమాటపడకుండా మొదటి రోజే చెప్పు.

అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది ఇది: మీటింగు ఎవరి కేలండరులో పుడుతోంది? నువ్వు అలవాటు కొద్దీ నీ కేలండరులో సృష్టించి మేడమ్‌ను అతిథిగా పిలిస్తే నిర్వాహకురాలివి నువ్వవుతావు. జవాబులు నీకొస్తాయి, సమయం మార్చాలంటే నువ్వే ఉండాలి. రేపు నువ్వు ఉద్యోగం మారితే వారం వారం జరిగే ఆ మీటింగు దిక్కులేనిదవుతుంది. ఈవెంటు రాసే పేజీలో కేలండరు పేరుండే చోట నొక్కి మేడమ్ పేరు ఎంచుకున్నాకే ఆహ్వానాలు పంపు. పంపే ముందు ప్రతిసారీ ఆ గడి చూడు.

రెండో పొరపాటు తుడిచేయడం. ఆవిడ మీటింగులతో నీ తెర నిండిపోయిందని డిలీట్ నొక్కకు, అది ఆవిడ కేలండరులోంచే పోతుంది. ఎడమ వైపు పేరు పక్కన టిక్ తీసేస్తే నీ తెర మీద మాత్రమే మాయమవుతుంది. ఒకవేళ తుడిచేసినా ముప్పై రోజుల వరకు ట్రాష్‌లో దొరుకుతుంది, కంగారుపడి మళ్ళీ కొత్తది సృష్టించకు.

శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళతో ప్రతి వారం కాల్ ఉందన్నావు. దాన్ని వాళ్ళ టైమ్ జోన్‌లో పెట్టు. వేసవిలో వాళ్ళ ఉదయం 8 గంటలు మనకు రాత్రి 8:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళ గడియారం వెనక్కి పోయాక అదే 9:30 అవుతుంది, మార్చి రెండో ఆదివారం మళ్ళీ 8:30. మన సమయంలో పెడితే చలికాలమంతా వాళ్ళు పొద్దున 7కే కూర్చోవాలి. మారే వారానికి ముందు మేడమ్‌కు గుర్తుచెయ్యి. కోరమంగల నుంచి వైట్‌ఫీల్డ్‌కు వెళ్ళాల్సిన రోజున ప్రయాణాన్ని కూడా ఈవెంటుగా రాయి. సాయంత్రం పూట గంటన్నర కన్నా తక్కువ పెట్టకు.

ఇక సారు కేలండరు. తన కేలండరు చూసుకునే పని ఇలా అప్పగించిన మనిషిని అవుట్‌లుక్‌లో డెలిగేట్ అంటారు. సారు తన కంప్యూటర్లోని క్లాసిక్ (పాత తరహా) అవుట్‌లుక్‌లో ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, డెలిగేట్ యాక్సెస్‌లోకి వెళ్ళి నిన్ను చేర్చి, కేలండరుకు 'ఎడిటర్' ఇవ్వాలి. మీటింగు మెయిళ్ళ నకలు నీకు రావాలనే గడిలో టిక్ పెట్టాలి. ప్రైవేట్ అంశాలు చూపే గడి వేరేగా ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేయమను. ఆహ్వానాలకు జవాబిచ్చేది ఒక్కరే కావాలి. సారు ఫోనులో ఒప్పుకుని, నువ్వు కంప్యూటర్లో కాదంటే పిలిచినవాళ్ళకు రెండు జవాబులు పోతాయి. ఎవరు నొక్కాలో మొదటి వారంలోనే తేల్చుకో.

దసరాకు ఊరెళ్ళేటప్పుడు నీ బదులు చూసే అమ్మాయికి యాక్సెస్ ముందురోజే ఇప్పించు, తిరిగొచ్చిన పొద్దున్నే తీయించు. నీ పాస్‌వర్డ్ మాత్రం ఆ అమ్మాయికి కూడా ఇవ్వకు.

నీ పిన్ని