నీ సూపర్‌హీరో తండ్రీకొడుకుల స్క్రిప్టు చదివాక

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కామిక్ స్క్రిప్టు ఆసాంతం చదివాను. తండ్రి ఊరిని కాపాడే వీరుడు. పన్నెండేళ్ళ కొడుకు తండ్రితో కలిసి మొదటిసారి బయలుదేరిన రాత్రే ఒక దుండగుణ్ణి చంపేస్తాడు. తండ్రి మూడు పేజీల పాటు నీతి బోధిస్తాడు. కొడుకు కన్నీళ్ళు పెట్టుకుని మారిపోతాడు. పోరాటాన్ని ఏ గడిలో ఎక్కడినుంచి చూపాలో చక్కగా రాశావు, ఆ కన్ను నీకుంది. కానీ పిల్లవాడి మార్పును మాత్రం నేను నమ్మలేకపోయాను. బోధతో మారిపోయే పిల్లవాడైతే ఆ రాత్రి చంపి ఉండేవాడే కాదు.

ఈ ఇతివృత్తాన్ని చేపట్టేవారు బ్యాట్‌మన్, అతని కొడుకు డేమియన్‌ల కథను శ్రద్ధగా చదవాలి. గ్రాంట్ మారిసన్ రచన, ఆండీ క్యూబర్ట్ బొమ్మలతో 2006లో వచ్చిన సంచికల్లో డేమియన్ తొలిసారి తండ్రి ఎదుటికి వస్తాడు. అప్పటికి వాడికి సుమారు పదేళ్ళు. తల్లి తాలియా, తాత రాస్ అల్ ఘూల్. హంతకుల దళం మధ్య పెరిగి, నడక నేర్చినట్టే కత్తి నేర్చినవాడు. వచ్చిన కొద్దిరోజులకే ఒక నేరస్థుడి తల నరికేస్తాడు, తండ్రి పెంచుకున్న టిమ్ డ్రేక్ మీద దాడి చేస్తాడు. మెచ్చుకుంటారనే అనుకుంటాడు! ఆ అమాయకత్వం దగ్గరే నువ్వు ఆగి ఆలోచించాలి. వాడి లెక్కలో చంపడం తప్పు కాదు, పెద్దలు చెప్పిన పాఠాన్ని బాగా అప్పజెప్పడం. తండ్రి వద్దన్నప్పుడు కత్తి ఒక్కటే దించితే సరిపోదు, తనను పెంచిన తల్లీ తాతా తప్పని కూడా వాడు ఒప్పుకోవాలి. ఆ వయసువాడికి అది ఎంత బరువో నీ స్క్రిప్టులో ఒక్క గడిలోనైనా కనపడాలి.

మన భారతంలో అశ్వమేధ పర్వం గుర్తుందా? మణిపురంలో కానుకలతో ఎదురొచ్చిన బభ్రువాహనుణ్ణి, యుద్ధం చేయకుండా వస్తావా అని అర్జునుడు ఈసడించాడు. సవతి తల్లి ఉలూపి పురికొల్పింది. కొడుకు విల్లెత్తాడు, తండ్రి కూలాడు. ఉలూపి మణితో బతికించబట్టి సరిపోయింది. తండ్రి మెప్పు కోసమే కొడుకు తండ్రి మీద బాణం వేశాడు. నీ కథలో ఆ పిల్లవాడు ఎవరి మెప్పు కోసం చంపాడు? నాకు జవాబు దొరకలేదు. ముందు అది తేల్చుకో.

తర్వాత తండ్రి నియమం. నీ వీరుడు చంపడు, కానీ ఎందుకు చంపడో చెప్పలేదు. 1939లో పుట్టిన బ్యాట్‌మన్ తొలి కథల్లో చంపేవాడు, తుపాకీ కూడా పట్టాడు. ఆ మరుసటి ఏడాదే సంపాదకుల నిర్ణయంతో అది ఆగింది. ఆ నిర్ణయానికి ప్రాణం పోసింది తర్వాతి రచయితలు. కళ్ళెదుట తల్లిదండ్రులు తుపాకీ గుండ్లకు కూలిపోవడం చూసిన పిల్లవాడు, మరొకరి ప్రాణం తాను తీయనని పెట్టుకున్న ఒట్టుగా దాన్ని మలిచారు. అంటే తండ్రికి నియమం ఒక గాయం నుంచి వచ్చింది. కొడుక్కి ఆ గాయం లేదు, నియమం మాత్రం అప్పగించారు. ఈ తేడా తెలియని తండ్రి ఎంత అరిచినా కొడుకు చెవికెక్కదు.

నీకు అసలైన పాఠం 2011లో మొదలైన ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ సంచికల్లో ఉంది. రచన పీటర్ టొమాసి, బొమ్మలు ప్యాట్రిక్ గ్లీసన్. తండ్రి చనిపోయాడనుకున్న కాలంలో డేమియన్ పెద్దన్నలాంటి డిక్ గ్రేసన్ పక్కన రాబిన్‌గా, అంటే బ్యాట్‌మన్‌కు తోడుండే కుర్రవీరుడిగా, పనిచేశాడు. డిక్ వాణ్ణి ముందు నమ్మాడు, తర్వాత దిద్దాడు. తిరిగొచ్చిన తండ్రి దిద్దడంతో మొదలుపెట్టి నమ్మకాన్ని బహుమతిలా దాచిపెట్టాడు. పిల్లవాడు ప్రతి రాత్రీ పరీక్ష రాస్తున్నట్టే ఉంటాడు. పైగా తండ్రికి ఒక పాత రహస్యం ఉంది. యౌవనంలో తాను విద్య నేర్చుకున్న హెన్రీ డుకార్డ్‌కు మోర్గన్ అనే కొడుకున్నాడు, వాడితో పాత పగ ఉంది. ఆ సంగతి సమయానికి కొడుక్కి చెప్పడు. ఆ మోర్గనే ‘నోబడీ’ పేరుతో వచ్చి, తండ్రి చెప్పని చోట తాను మాట్లాడతాడు.

ఏమంటాడు? మీ నాన్న నేరస్థులను పట్టిస్తాడు, వాళ్ళు తప్పించుకుని మళ్ళీ చంపుతారు, నేను ఆ బాధ లేకుండా ముగిస్తాను అంటాడు. ఆ మాటకు బలం ఉంది, నాయనా. 1988లో బ్యాట్‌మన్ శత్రువు జోకర్ చేతిలో జేసన్ టాడ్ అనే రాబిన్ చనిపోయాడు. 2005లో మళ్ళీ బతికి తిరిగివచ్చిన జేసన్, తనను పెంచిన బ్యాట్‌మన్‌ను అడిగింది ఒక్కటే: నన్ను చంపినవాడు ఇంకా ఎందుకు బతికున్నాడు? నీ విలన్ మాత్రం కారణం లేకుండా నవ్వుతూ ఉంటాడు. వాడి వాదం చదివి పాఠకుడు ఒక్క క్షణమైనా తలూపకపోతే, కొడుకు ఊగిసలాటకు అర్థం ఉండదు. వాడి మాటలన్నీ కొట్టేసి, నీకే జవాబు తోచనంత గట్టిగా మళ్ళీ రాయి.

ఇక హత్య. డేమియన్ శత్రువు పక్షాన చేరినట్టు నటిస్తాడు, దొరికిపోతాడు, చిత్రహింస పడతాడు. తండ్రి వచ్చి మోర్గన్‌ను చావు అంచు దాకా కొట్టి, అక్కడ ఆగుతాడు. కొడుకు అదంతా చూస్తూనే ఉన్నాడు. బతికితే మళ్ళీ వస్తానని మోర్గన్ బెదిరించాక డేమియన్ చేయి లేస్తుంది, ఒక్క పోటుతో వాణ్ణి చంపేస్తాడు. తండ్రి నియమం తెలిసి, తండ్రి ఆగడం చూసి కూడా, తండ్రి మీది ప్రేమతోనే చంపాడు. ఇంతకన్నా కష్టమైన ముడి ఈ ఇతివృత్తంలో నాకు తెలియదు. తండ్రి వాణ్ణి వెలివేయడు, చేసినదాన్ని మెచ్చుకోడు. ఈ రెంటి మధ్య ఇరుకు చోటులోనే నీ మూడు పేజీలూ గడవాలి.

అందుకే నీ హత్యను మొదటి రాత్రి నుంచి తీసి కథ మధ్యకు జరుపు. అంతకుముందే తండ్రి కొడుకును నమ్మిన పని ఒకటి చూపించు, నష్టం జరగగల పని. ఇంటి తాళం ఇవ్వడం చాలదు. ఎవరి ప్రాణమో వాడి చేతిలో పెట్టి తాను వెనక్కి తిరగాలి. హత్యలో నెత్తురు చూపడం మీద గడులు ఖర్చుపెట్టకు. ఆ తర్వాతి తెల్లవారు మీద పెట్టు. చేతులు ఎవరు కడిగారు, భోజనానికి పిలిచింది ఎవరు, పక్క గదిలో దీపం ఆరిందా లేదా, ఇవి రాయి.

మాటలు తగ్గించు. 2013లో డేమియన్ చనిపోతాడు, వాడి పోలికలతోనే తయారుచేసిన ఎదిగిన నకలు చేతిలో. ఆ వెంటనే వచ్చిన ‘బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ 18వ సంచికలో మాటల బుడగలే లేవు. ఇల్లంతా తిరిగే తండ్రి, కొడుకు రాసిపెట్టిన ఉత్తరం, అంతే. నీ ఉపన్యాసాన్ని దాని పక్కన పెట్టి చూసుకో. (ఆ మరుసటి ఏడాది డేమియన్‌ను మళ్ళీ బతికించారు. నువ్వు మాత్రం ముడి విప్పడానికి చావును వాడుకోకు. చనిపోయిన కొడుకును నమ్మడం తండ్రికి సులువు.)

తండ్రే హంతకుడైతే బాగుంటుందేమోనని ఉత్తరం చివర అడిగావు. రాబర్ట్ కర్క్‌మన్ 2003లో మొదలుపెట్టిన ‘ఇన్విన్సిబుల్’లో అదే జరిగింది. తండ్రి ఆమ్నీ-మ్యాన్ కొడుకును చావబాది, చంపలేక, ఏడుస్తూ ఆకాశంలోకి వెళ్ళిపోతాడు. అది వేరే కథ, దానికి వేరే బలం. నీ పిల్లవాడిలో ఇంకా చాలా ఉంది, వాణ్ణి వదలకు.

హత్య తర్వాతి ఉదయం మూడు పేజీలు మాత్రం ముందుగా రాసి పంపు. తండ్రికి పది మాటలకు మించి ఇవ్వకు.

మీ బాబాయి