గణపతి మండపానికి అద్దె జనరేటర్: మధ్యలో సామాను జరిపేటప్పుడు కరెంటు విషయంలో ఏం చూసుకోవాలి?

మీ అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి అద్దె జనరేటర్ పెడుతున్నారని, మూడో రోజు పిల్లల కార్యక్రమాలకి స్టేజీని, ఎల్‌ఈడీ వాల్‌ని (ప్యానెళ్ళు కలిపి కట్టే పెద్ద స్క్రీన్‌ని) క్లబ్‌హౌస్ వైపు జరపాలని, ఏ జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. బెంగళూరులో ఈవెంట్లకి తాత్కాలిక కరెంటు ఏర్పాట్లు చేయడమే నా పని. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

జరపడం గురించి అడిగారు చూడండి, అది చాలా మంచి ప్రశ్న. మొదటి రోజు బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఉంటాడు, సూపర్‌వైజర్ ఉంటాడు, కమిటీవాళ్ళూ దగ్గరుండి చూస్తారు. అసలు ముప్పు ఆ తర్వాతే. "రెండడుగులే కదా, దీనికి ఆఫ్ చేయడం దేనికి" అని ఎవరో బోర్డు ఎత్తి పక్కన పెడతారు. ఆ లాగుడికి ప్లగ్గులో ఫేజు (కరెంటు తెచ్చే తీగ) ఊడితే లైటు ఆరిపోతుంది, ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి చూస్తారు. ఎర్త్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే తీగ) ఊడితే మాత్రం పైకి ఏమీ తెలియదు. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, పాటలు మోగుతూనే ఉంటాయి. ఎవరో వచ్చి ఇనప కమ్మీ పట్టుకున్నాకే బయటపడుతుంది.

సర్జాపుర రోడ్డు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో సరిగ్గా ఇదే చూశాను. తుంపర మొదలైందని ఎల్‌ఈడీ వాల్‌ని షెడ్డు కిందికి జరిపారు. కాసేపటికి సామాను మోసే కుర్రాడొకడు ట్రస్ (వాల్‌ని నిలబెట్టే లోహపు ఫ్రేము) మీద చెయ్యేసి "జివ్వుమంటోందన్నా" అన్నాడు. అందర్నీ దూరం జరిపి మీటరు పెడితే ట్రస్‌కీ తడి నేలకీ మధ్య 110 వోల్టుల దాకా చూపించింది. తీగ ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఫ్రేముకి తగల్లేదు. అంతా ఆఫ్ చేసి ప్లగ్గు విప్పితే విషయం తెలిసింది. పచ్చ వైరు, అంటే ఎర్త్, స్క్రూ కింద నుంచి జారిపోయి, కొస విడిగా వేలాడుతోంది. కేబుల్‌ని బిగించి పట్టాల్సిన క్లాంపు కూడా ఆ ప్లగ్గులో లేదు.

తీగ తగలకపోయినా షాక్ ఎలా వస్తుందంటారా? ఎల్‌ఈడీ ప్యానెల్ లోపలి పవర్ సప్లైలో చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి కరెంటుని ఎప్పుడూ బాడీలోకి, అక్కణ్ణుంచి ఎర్త్‌లోకి వదులుతుంటాయి. ఒక్కో ప్యానెల్‌ది ఒక మిల్లీ ఆంప్ లోపే అనుకున్నా, నలభై యాభై ప్యానెళ్ళు ఒకే ట్రస్‌కి బిగిస్తే అదంతా కలిసి పెద్ద లెక్కే అవుతుంది. ఎర్త్ సరిగ్గా ఉన్నంతకాలం ఆ కరెంటు దాని దారిన అది పోతుంది. ఎర్త్ తెగిందంటే ట్రస్ పట్టుకున్న మనిషే దానికి దారి.

ఇదే కారణంతో ఎల్‌ఈడీ వాల్ ఉన్నచోట ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఊరికే ట్రిప్ అవుతుంటుంది. అప్పుడు కుర్రాళ్ళు చేసే పని దాన్ని పక్కకి తప్పించి డైరెక్టుగా కలిపేయడం. దయచేసి ఒప్పుకోకండి. ప్యానెళ్ళని నాలుగైదు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకి ఒక్కో 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ పెట్టమనండి. ట్రిప్పింగ్ ఆగుతుంది, మనిషికి రక్షణా ఉంటుంది. ఎమ్‌సీబీ (లోడు మరీ ఎక్కువైనా, షార్టైనా ఆగిపోయే బ్రేకర్) ఉంది కదా అని కొందరు వాదిస్తారు. తడి ఒంటికి రెసిస్టెన్స్ సుమారు వెయ్యి ఓమ్‌లు వేసుకున్నా, 230 వోల్టులకి ఒంట్లోంచి పోయే కరెంటు పావు ఆంప్ కూడా ఉండదు. గుండె లయ తప్పి మనిషి పోవడానికి అందులో సగం చాలు. 32 ఆంపుల ఎమ్‌సీబీకి అసలు అది కనిపించను కూడా కనిపించదు.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కి "పడిపోయింది, అంతా ఓకే" అని చూపిస్తారు. ఆ బటన్ లోపలి మెకానిజం పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. మీ ఎర్త్ బయట ఎక్కడ తెగి ఉన్నా అది అలాగే పడిపోతుంది. కాబట్టి జరిపిన ప్రతిసారీ, కరెంటు ఇవ్వకముందే, మీటరుని కంటిన్యుటీలో (తీగ తెగకుండా ఉందో చూపే సెట్టింగులో) పెట్టి ట్రస్ నుంచి డీబీలోని (కరెంటు పంచే బోర్డులోని) ఎర్త్ బార్ దాకా చూడమనండి. ఒక ఓమ్ లోపు రావాలి. రెండు నిమిషాల పని. నన్నడిగితే మీరు దగ్గరుండి చూసుకోవాల్సిన మొదటి పని ఇదే.

ఇక ఆ ఎర్త్ బార్ చివరికి ఎక్కడికి పోతోందో చూడండి. మన బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పచ్చిక, తోట అన్నీ చాలావరకు బేస్‌మెంట్ పార్కింగ్ స్లాబ్ మీదే ఉంటాయి. పైన రెండడుగుల మట్టి, కింద కాంక్రీటు. జనరేటర్‌వాళ్ళు అక్కడే ఒక రాడ్ దిగ్గొట్టి ఎర్తింగ్ అయిపోయిందంటారు. అది పూలకుండీలో రాడ్ గుచ్చినట్టే, అసలు భూమికి తగలదు. మీ ట్రాన్స్‌ఫార్మర్ యార్డు దగ్గరో, బిల్డింగ్ సొంత డీజిల్ జనరేటర్ దగ్గరో పక్కా ఎర్త్ పిట్లు ఉంటాయి. అక్కణ్ణుంచి తగినంత లావు రాగి కేబుల్ లాగమనండి.

జనరేటర్ న్యూట్రల్‌ని (కరెంటు తిరిగొచ్చే తీగని) కూడా ఎర్త్‌కి కలిపారో లేదో అడగండి. కలపకపోతే ఆర్‌సీసీబీకి లీకేజీ కనిపించే దారే ఉండదు. మొదటి ఫాల్ట్ చప్పుడు లేకుండా కూర్చుంటుంది. ఇంకోచోట వేరే ఫేజు మీద రెండోది వచ్చిందంటే, ఒకే ఎర్త్‌కి కలవని రెండు ఇనప ఫ్రేముల మధ్య 415 వోల్టుల దాకా రావచ్చు.

జరిపే క్రమం ఇలా ఉండాలి. ముందు సౌండు, వాల్, లైట్లు ఒక్కొక్కటిగా ఆపాలి. తర్వాత డీబీ మెయిన్, ఆపైన జనరేటర్ బ్రేకర్, చివర ఇంజన్. కంట్రోల్ ప్యానెల్‌కి తాళం వేసి, ఆ తాళంచెవి పని చేస్తున్న మనిషి జేబులోనే ఉండాలి. జనరేటర్‌నే జరపాలంటే బ్యాటరీ నెగటివ్ కూడా విప్పాలి. కేబుళ్ళు విప్పేటప్పుడు ముందు ఫేజులు, తర్వాత న్యూట్రల్, అన్నిటికన్నా చివర ఎర్త్. కలిపేటప్పుడు దీనికి తలకిందులుగా, ముందు ఎర్త్. తిరిగి ఆన్ చేసేటప్పుడు డీబీలోని చిన్న బ్రేకర్లన్నీ ఆఫ్‌లో ఉంచి, ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో వస్తోందా అని చూసి, అప్పుడే లోడు ఇవ్వాలి. న్యూట్రల్ వదులుగా ఉన్నా, ఫేజుతో తారుమారైనా యాంప్లిఫయర్ల నుంచి సీరియల్ సెట్ల దాకా అన్నీ కాలిపోతాయి.

సాకెట్లలోకి వైరు కొసలు గుచ్చి అగ్గిపుల్లలతో బిగించడం మండపాల్లో ఇంకా చూస్తూనే ఉన్నాం. ఒక్కటి కనిపించినా పని ఆపించండి. ఎక్స్‌టెన్షన్ డ్రమ్ముని పూర్తిగా విప్పి వాడాలి. చుట్టలోనే ఉంచి లోడు లాగితే వేడికి కరిగిపోతుంది. సెప్టెంబర్ సాయంత్రాలు ఇక్కడ వాన ఖాయమనుకోండి. జాయింట్లు నేలమీద వద్దు, టేపు చుట్టిన జాయింట్లయితే అసలే వద్దు. నీళ్ళు లోపలికి పోని ఇండస్ట్రియల్ ప్లగ్గులు కావాలని కొటేషన్‌లోనే రాయించండి. జనరేటర్‌ని బేస్‌మెంట్‌లోకి దింపే ఆలోచన ఉంటే మానుకోండి, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. క్లబ్‌హౌస్ లైన్లకి జనరేటర్ కలపాలనుకుంటే నాలుగు పోళ్ళ చేంజోవర్ స్విచ్ (మూడు ఫేజుల్నీ న్యూట్రల్‌నీ కలిపి ఒక సప్లై నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్) లేకుండా కలపొద్దు. మీ కరెంటు వెనక్కి బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) లైన్లోకి పోతే, ఆ లైన్ ఆపి పనిచేసుకుంటున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఆ స్విచ్ ఎక్కడుందో కమిటీలో కనీసం ఇద్దరికి ముందే తెలిసి ఉండాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయిస్తూనే, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున ఛాతీ నొక్కుతూ ఉండండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

మీరు అడగలేదు గానీ, నిమజ్జనం రోజు గురించీ చెప్పాలి. సాంకీ ట్యాంకుకో, హలసూరు చెరువుకో ట్రాక్టర్ మీద చిన్న జనరేటర్ పెట్టి, లైట్లు వెలిగించుకుంటూ వెళ్తుంటారు. దారిలో తీగలు అడ్డొస్తే ఒకడు కర్ర పెట్టి పైకెత్తుతాడు. తడిసిన వెదురులోంచి కరెంటు పోతుంది. 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) తీగ అయితే తగలక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్తేనే చాలు. విగ్రహం ఎత్తు కొలుచుకుని, పగలే ఒకసారి ఆ దారంతా నడిచి చూసుకోండి. ఎక్కడైనా తీగలు కిందికి వేలాడుతుంటే బెస్కామ్ హెల్ప్‌లైన్ 1912కి ముందుగానే చెప్పండి. ట్రాక్టర్ మీద అలంకరణకి 230 వోల్టుల సీరియల్ సెట్లు వద్దు. ఫ్యూజు వేసిన 12 వోల్టుల బ్యాటరీ, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు పెడితే రాత్రంతా వెలుగుతాయి, జనరేటర్ అవసరమే ఉండదు.