యోధుల సినిమా తీస్తానన్న మేనకోడలికి

తల్లీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. "స్కాట్లండ్ యోధుల మీద డాక్యుమెంటరీ తీస్తదంట, కెమెరా కూడా అద్దెకు మాట్లాడుకుందంట, ఒక్కతే కొండల్లోకి పోతదంట, నువ్వన్నా చెప్పురా" అని. ఆమెకు భయం. నాకూ భయమే. కానీ ఫోన్ పెట్టేశాక సంతోషంతో కూడా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఈ దేశంలో ఎడిటింగ్ గదుల్లో కూర్చుని ఊళ్లోవాళ్ల సినిమాలు అతికించాను. మన ఇంట్లో ఈ పనికి ఇంకొకరు వస్తారని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు రాసుకున్న స్క్రిప్టు కూడా మీ అమ్మ నాకు పంపింది, ఆమెను కోప్పడకు. రెండుసార్లు చదివాను.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. బ్యాటరీలు చలికి తొందరగా దిగిపోతాయి, కోటు లోపలి జేబులో పెట్టుకో. మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే నీకు దక్కేది గాలి చప్పుడే. ఏ రోజు తీసింది ఆ రాత్రే రెండు చోట్ల కాపీ చెయ్యి. డ్రోన్‌ను నమోదు చేయించు. కలోడెన్ యుద్ధభూమి, గ్లెన్‌కో లోయ రెండూ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ చూసుకునే చోట్లు, ముందే రాసి అనుమతి తీసుకో. 2003 చట్టం ఈ దేశంలో ఎవరినైనా కొండల మీద నడవనిస్తుంది, ఆ హక్కు డ్రోన్‌కు లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఆగిన సాయంత్రాల్లో మిడ్జీలు అనే సన్న దోమలు మొహాన్ని కమ్మేస్తాయి, తలకు వల తెచ్చుకో.

ఒంటరిగా మాత్రం పోవద్దు. ఇది సలహా కాదు, మేనమామగా చెప్తున్నా. రానోక్ మూర్ బురదనేలలో పొగమంచు దిగితే పది అడుగుల అవతల ఏముందో తెలీదు. చచ్చేంత చలి అంటే జనవరి మాటేలే అనుకుంటావు. ఒకసారి మే నెలలో, బట్టలు తడిసి గాలి కొడుతుంటే, మాతో వచ్చిన కుర్రాడికి మాట ముద్దగా రావడం మొదలైంది. "నాకేం చలి లేదు" అంటూనే ఉన్నాడు. వాడు ఆ మాట అన్నప్పుడే ట్రైపాడ్లన్నీ అక్కడే వదిలేసి కిందికి దిగాం. డిసెంబరులో ఉత్తరాన మూడున్నరకల్లా పొద్దు గూకుతుంది, అప్పుడు అసలు వెళ్లకు. రోజూ పొద్దున ఏ దారిన పోతున్నావో, ఎన్నింటికి తిరిగొస్తావో నాకు పంపు. రాకపోతే నేను ఊరుకునే మనిషిని కాను.

ఇక స్క్రిప్టు. ఇంగ్లండ్ మీద తిరగబడ్డ వాలస్‌కు కిల్టు, అదే ఆ గళ్ల బట్ట, కట్టావు. ఆయన పోయింది 1305లో. నడుముకు చుట్టి భుజాన వేసుకునే ఆ ప్లెయిడ్, అంటే తొలినాటి కిల్టు, వచ్చింది 16వ శతాబ్దం చివర్లో, అదీ హైలాండ్స్ అనే ఉత్తరాది కొండసీమలో. 1297లో స్టిర్లింగ్ దగ్గర గెలిపించింది ఆ వంతెన ఇరుకుదనం: ఇద్దరేసి గుర్రపువాళ్లు తప్ప పట్టని వంతెన మీద ఇంగ్లిష్ సైన్యం కొంత దాటేదాకా ఆగి మీద పడ్డారు. ఆ రోజు వాలస్ పక్కనే నిలబడి నడిపించిన ఆండ్రూ మోరే పేరే నీ కాగితాల్లో లేదు. చేర్చు.

కలోడెన్‌ను "స్కాట్లండ్, ఇంగ్లండ్ ఆఖరి యుద్ధం" అని రాశావు. అందరూ అలాగే రాస్తారు. 1746 ఏప్రిల్ 16న ప్రభుత్వ సైన్యాన్ని నడిపిన కంబర్లండ్ వైపు కూడా స్కాట్లండ్ రెజిమెంట్లు ఉన్నాయి, ఆర్గైల్ నుంచి వచ్చిన క్యాంబెల్ వంశంవాళ్లు ఉన్నారు. ఇవతల సింహాసనం కోసం తిరగబడ్డ స్టూవర్ట్ రాకుమారుడు చార్లీ వైపు ఫ్రెంచి రాజు కొలువులోని ఐరిష్ సైనికులు నిలబడ్డారు. ముందురోజు రాత్రి శత్రువు మీద పడదామని నెయిర్న్ వైపు నడిచి, తెల్లవారుతుంటే సగం దారిలో వెనక్కి తిరిగి, ఆకలితో, నిద్ర లేక వచ్చినవాళ్లు చార్లీ మనుషులు. యుద్ధం గంట కూడా పట్టలేదు. కత్తులు మెరిసే షాట్లు తగ్గించి ఆ రాత్రి నడక తియ్యి. ఇక అక్కడ వంశాల పేర్లున్న సమాధి రాళ్లు 1881లో నిలబెట్టినవి, 1746 నాటివని చెప్పకు.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇంకోదానికి. నీ స్క్రిప్టులో యుద్ధాలు ఒకవైపు, మధ్యమధ్య "ప్రకృతి అందాలు" అని డ్రోన్ షాట్లు ఇంకోవైపు. నేను అసిస్టెంటుగా చేరిన కొత్తల్లో ఒక సినిమా సరిగ్గా ఇట్లాగే కట్టారు. దర్శకుడు పనిమంతుడే. ఉత్తరాన సదర్లండ్‌లో స్ట్రాత్‌నేవర్ లోయలో సాయంకాలపు ఎండలో తీసిన షాట్ ఒకటుంది. నది, పచ్చిక, వెనక కొండ. మనిషన్నవాడు లేడు. దాని కింద "మనిషి చెయ్యి పడని నేల" అని వ్యాఖ్యానం, పైన వయొలిన్. ప్రసారమైన కొన్నాళ్లకు ఆ తీరం నుంచే ఒక పెద్దామె ఉత్తరం రాసింది. షాట్‌లో ఎడమ పక్క, గడ్డిలో, రాళ్ల వరస ఒకటి కనిపిస్తుంది చూడండి, అది మా అవ్వకు అవ్వ పుట్టిన ఇల్లు అని. తిట్టలేదు, ఆ ఒక్క ముక్కే. ఆ రీలు మళ్లీ ఎక్కించి చూశాం. గోడ ఉంది. ఒక గోడ కాదు, చూసేకొద్దీ పక్కన ఇంకోటి, దాని వెనక దొడ్డి, పాత సాలు గీతలు. ఊరు ఊరంతా ఫ్రేములోనే ఉంది. మళ్లీ ప్రసారం చేసేటప్పుడైనా ఆ మాట తీసేద్దామని ఎవరో అన్నారు. దర్శకుడు ఒప్పుకోలేదు, వాక్యం బాగుందన్నాడు.

మీ అవ్వ పుట్టిన ఊరు శ్రీశైలం నీళ్ల కింద ఉంది. 1981లో ఖాళీ చేయించారు. ఆ నీళ్ల మీద పొద్దు గూకేటప్పుడు ఫొటోలు తీసుకునేవాళ్లను చూస్తే ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. ఆ పెద్దామె ఉత్తరం చదువుతుంటే నాకు మీ అవ్వ చేతిరాత కనిపించింది. అందుకే నీ మీద ఇంత గట్టిగా అరుస్తున్నా.

ఆ లోయ ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకో, నీ యోధులు అక్కడే దొరుకుతారు. 1799లో సదర్లండ్ ఎస్టేటు కౌలుదారుల కొడుకులతో 93వ హైలాండర్స్ రెజిమెంటు కూర్చారు. 1814 వేసవిలో అదే ఎస్టేటులో, గొర్రెల మేతకు నేల కావాలని, స్ట్రాత్‌నేవర్ ఇళ్లకు నిప్పు పెట్టించారు. ఆ పని చేయించిన పాట్రిక్ సెల్లర్ మీద 1816లో ఇన్వర్నెస్‌లో విచారణ జరిగింది, వదిలేశారు. ఇళ్లు కాలిన ఏడు నెలలకు, 1815 జనవరిలో, 93వ రెజిమెంటు న్యూ ఆర్లీన్స్ ముందు కాల్పుల్లో నిలబడింది, వందల మంది పడిపోయారు. 1854లో బాలక్లావా దగ్గర రష్యన్ గుర్రపు దళానికి ఎదురు నిలిచిందని నువ్వు పొగిడిన రెజిమెంటు కూడా ఇదే. ఎస్టేటు యజమాని విగ్రహం మాత్రం గోల్స్‌పీ పైన కొండ మీద ఇప్పటికీ సముద్రాన్ని చూస్తూ ఉంది. దాన్ని కిందినుంచి తియ్యి, డ్రోన్‌తో కాదు.

వెతకడం ఎట్లా అంటావా? కలోడెన్ తర్వాత సైన్యం కోసం విలియం రాయ్ 1747 నుంచి 1755 దాకా గీయించిన పటం నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైటులో ఉచితంగా ఉంది. నువ్వు షూట్ చేయబోయే ప్రతి లోయనూ అందులో చూడు. ఇళ్ల గుర్తులున్న చోటు ఇప్పుడు ఖాళీగా ఉంటే అక్కడ కెమెరా దించి నడువు. స్ట్రాత్‌నేవర్‌లో రోసల్ అనే పాడుబడ్డ ఊరి శిథిలాలకు దారి ఉంది, బెటీహిల్‌లో పాత చర్చిలో మ్యూజియం ఉంది. ముసలివాళ్ల గొంతుల కోసం తోబర్ అన్ దువల్‌చైస్ అనే పాత రికార్డింగుల సేకరణ విను, హైలాండ్స్ వాళ్ల పాత భాష గేలిక్‌లో పాటలు, కథలు వేలల్లో ఉన్నాయి. నీ నేపథ్య సంగీతానికి డబ్బు తగలెయ్యొద్దు.

క్రోయిక్ చర్చికి తప్పకుండా వెళ్లు. 1845 మే నెలలో గ్లెన్‌కాల్వీ లోయ నుంచి వెళ్లగొట్టిన దాదాపు 80 మంది లోపలికి అడుగు పెట్టకుండా ఆవరణలోనే గుడారం కింద తలదాచుకున్నారు. కిటికీ అద్దాల మీద బయటినుంచి గీకి రాసుకున్నారు, తాము పాపిష్టి తరమని. వాళ్లు మాట్లాడేది గేలిక్, గీకింది ఇంగ్లిష్‌లో. తమ పాపమే ఇట్లా చుట్టుకుందని నమ్మారు. తల్లీ, అది చూసినప్పుడు నేను చాలాసేపు కారులో కూర్చుండిపోయాను. ఎండ నిటారుగా పడితే రాత కనిపించదు, ఏటవాలుగా పడే దాకా ఓపిక పట్టు. అద్దం ముట్టుకోకు.

మనవాళ్లకు ఇదంతా దూరపు కథలా ఉంటుందేమోనని రాశావు. కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ పుట్టింది ఈ దేశంలోనే, లూయిస్ దీవిలో స్టార్నోవేలో. మన ఊళ్ల చరిత్ర రాయించినవాడి సొంత దేశంలో ఊళ్లు ఏమయ్యాయో తెలుగువాళ్లు చూస్తారు, భయపడకు.

మొదటి కూర్పు సంగీతం లేకుండా నాకు చూపించు. శనివారం ఇన్వర్నెస్ బండి ఎక్కు, స్టేషన్‌కు వస్తాను. బూట్లు కొందాం, నీ దగ్గరున్నవి ఆ కొండలకు పనికిరావు. షూటింగుకు తోడుగా నేనే వస్తా, ట్రైపాడ్ మోస్తా. మీ అమ్మకు నేను చెప్పుకుంటాలే.

మీ మామయ్య